జాబితాలో మొదటి పేరు మీదేనా?



ఓ.పి. కౌంటరులో మీరు "మేరీ" అని చెప్పగానే కంప్యూటరు ఒక జాబితా చూపిస్తుంది. పైనున్న పేరే బాగా సరిపోయిన పేరని చాలామంది అనుకుంటారు. కాదు. ఏ గడిని బట్టి వరుస పెట్టమన్నామో ఆ వరుసలో అది ముందొచ్చింది, అంతే.

ఆ వరుసకూ ఒక చిక్కుంది. అంకెలను సంఖ్యలుగా కాక అక్షరాల్లాగా నమోదు చేసి ఉంటే, కంప్యూటరు ముందు మొదటి గుర్తునే పోలుస్తుంది. షుగరు ఎక్కువున్నవారిని పైన చూపించమంటే 98 పైకి వస్తుంది, 250 కిందికి పోతుంది. 2 కంటే 9 పెద్దది గదా! తేదీలూ అంతే. రోజు ముందు రాసే మన అలవాటు వల్ల 28-02-2025 నాటి రిపోర్టు 05-03-2025 నాటిదానికంటే కొత్తదై పైన కూర్చుంటుంది. ఆ పాత షుగరు చూసి డాక్టరుగారు మందు మోతాదు మారిస్తే? సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో రాస్తే ఈ బాధ లేదు. 1988లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం చెప్పేదీ ఇదే.

ఇక పేర్ల సంగతి. మనకు ఇంటిపేరు ముందు. ఫారంలో అది చివర. బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరొకటి, ఆధార్‌లో పేరొకటి. లక్ష్మిని ఇంగ్లీషులో కొందరు 'కె.ఎస్.హెచ్.'తో, కొందరు 'ఎక్స్'తో రాస్తారు. ఒకే మనిషి కార్డులు రెండు, జాబితాలో రెండు దూరపు చోట్ల పడతాయి. పోనీ, చిరునామా చూద్దామంటే, చిక్కడపల్లి, అశోక్ నగర్ డోర్ నంబర్లు 1తో, నారాయణగూడవి 3తో మొదలవుతాయి. అక్షరాల వరుసలో 1-10 వచ్చాకే 1-9 వస్తుంది. ఉద్యోగ పరీక్షలకు చదువుతూ అశోక్ నగర్ హాస్టల్లో ఉండే పిల్లలకైతే అందరిదీ ఒకే డోర్ నంబరు.

కనుక పైనున్న పేరును నమ్మి ఫైలు తీయకూడదని మా గట్టి అభిప్రాయం. కనీసం రెండు గుర్తులు సరిచూడాలని, గది నంబరును గుర్తుగా తీసుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది. ఆదికాండము 27వ అధ్యాయములో ఇస్సాకు యాకోబు స్వరాన్ని గుర్తుపట్టాడు, కానీ చేతులు తడిమి ఏశావే అనుకుని దీవించాడు. రెండు గుర్తులు కలవనప్పుడు ఆగవలసింది.

రక్తం తీసేముందు, ఇంజెక్షను ఇచ్చేముందు సిస్టరు మళ్ళీ పేరు, పుట్టిన తేదీ అడిగితే దయచేసి విసుగుపడకండి. అడిగేవారు కూడా "మీరు మేరీగారేనా?" అనకూడదు. చెవి సరిగా వినబడని అవ్వ దానికి "ఆఁ" అనే అంటుంది. "మీ పేరేమిటమ్మా?" అనాలి.

వచ్చేటప్పుడు పాత ఓ.పి. కార్డు తెచ్చుకోండి. అది ఇంట్లో ఉండగా కొత్తది రాయించుకుంటే, పెన్సిలిన్ పడదని రాసిన మాట పాత నంబరు కిందే ఉండిపోతుంది.