పత్తి కట్టె బొగ్గుతో రంగునీటికి కళ్లెం

ఆదోని: పత్తికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పేరుపొందాయి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చొరవతో చేనేత సహకార సంఘం ఏర్పడింది. నేత ఉన్నచోట అద్దకం, అద్దకం ఉన్నచోట రంగునీరు తప్పవు.

రియాక్టివ్ రంగుల్లో కొంత భాగం నూలుకు అంటక, ఉప్పుతోపాటు నీటిలోనే మిగిలిపోతుంది. శుద్ధి చేయకుండా వదిలితే వాగులు, బోర్లు పాడవుతాయి.

దీనికి పత్తి కట్టెలోనే ఒక మార్గం ఉంది. గాలి అందకుండా కాల్చితే సూక్ష్మ రంధ్రాలతో కూడిన జీవబొగ్గు తయారవుతుంది. అది రంగును పట్టి ఉంచుతుంది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ నేల సారం పెంచేందుకు ఇలాంటి బొగ్గు చేసే చిన్న బట్టీని ఇదివరకే రూపొందించింది.

అయితే చిక్కులూ ఉన్నాయి. రియాక్టివ్ రంగులకు, మామూలు జీవబొగ్గుకు సాధారణంగా ఒకే రకం విద్యుదావేశం ఉండటంతో రంగు సరిగా అంటదు. బొగ్గుకు ఇనుప లవణాలు పట్టిస్తే ఫలితం మెరుగుపడుతుంది. ఉప్పు మాత్రం నీటిలోనే ఉండిపోతుంది. రంగు పీల్చిన బొగ్గును పొలంలో చల్లకూడదు. దాన్ని విడిగా, భద్రంగా పారవేయాలి.

ఇంటివద్ద అద్దకం చేసే కుటుంబాలు ఈ ఖర్చు భరించలేవు. సహకార సంఘాలు, చేనేత శాఖ, కాలుష్య నియంత్రణ మండలి కలిసి ముందుగా ఒక ఉమ్మడి అద్దకశాలలోనైనా దీన్ని పరీక్షించాల్సి ఉంది.