చివరి బెంచీలో ఎవరున్నారు?

చిలుకూరు అనగానే చాలామందికి వీసాల బాలాజీ గుర్తొస్తాడు. ఇది ఆ చిలుకూరు కాదు. సూర్యాపేట జిల్లాలో, కోదాడ పక్కనున్న చిలుకూరు. సాగర్ నీళ్లతో వరి పండే ప్రాంతం. ఇలాంటి ఊళ్లో ఏ సర్కారు బడికైనా వెళ్లి ‘మీ క్లాసులో తెలివైనవాళ్లెవరు?’ అని అడిగి చూడండి. పిల్లల వేళ్లన్నీ ముందు బెంచీనే చూపిస్తాయి. ఫస్టు ర్యాంకు తెచ్చుకునేవాళ్లు, నోట్సు ముత్యాల్లా రాసేవాళ్లు, సార్ అడగ్గానే చెయ్యెత్తేవాళ్లు... వాళ్లు తెలివైనవాళ్లే, కాదనలేం.

మరి, సార్ బోర్డు మీద లెక్క పూర్తిచేసేలోపే మనసులో జవాబు కట్టేసి, స్టెప్పులు రాయనందుకు మార్కులు పోగొట్టుకునే చివరి బెంచీ పిల్లాడు? నాట్ల రోజుల్లో అమ్మతో పొలానికి వెళ్లి, బడికొచ్చిన రోజున మాత్రం ఒక్కసారి విన్న పాఠాన్ని పొల్లుపోకుండా చెప్పే అమ్మాయి? హాజరు తక్కువ, మార్కులు అంతంతమాత్రం. వాళ్లవైపు ఏ వేలూ చూపించదు.

మూడోసారికి మెట్రిక్

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ పరీక్ష మూడోసారికిగానీ గట్టెక్కలేదు. ఆ మార్కులే కొలతయితే ఆయన కథ అక్కడే ముగిసేది. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనల నుంచే బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ లాంటి మందులు వచ్చాయి.

మార్కులు సరే, తెలివిని కొలవడానికే పెట్టిన పరీక్షలూ పొరబడ్డాయి. 1921లో అమెరికాలో లూయీ టెర్మన్ అనే మనస్తత్వవేత్త ఐక్యూ పరీక్షలతో మేధావి పిల్లల్ని ఏరే పని మొదలుపెట్టాడు. పదిహేను వందలమందికి పైగా ఎంపికయ్యారు. స్కోరు చాల్లేదని పక్కన పెట్టినవాళ్లలో ఇద్దరు, విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్, పెద్దయ్యాక భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఎంపికైనవాళ్లలో ఆ బహుమతి ఎవరికీ రాలేదు!

అందుకే 1978లో జోసెఫ్ రెంజుల్లీ అనే విద్యావేత్త వేరే లెక్క చెప్పాడు. సగటును మించిన సామర్థ్యం, కొత్తగా ఆలోచించే గుణం, పట్టిన పని వదలని పట్టుదల... ఈ మూడూ కలిసినచోట ప్రతిభ ఉంటుందన్నాడు. మొదటిదాన్ని పరీక్ష కొంతవరకూ పట్టుకోగలదు. మిగతా రెండూ కనిపించాలంటే రోజూ చూసే టీచరు కళ్లే కావాలి.

తలుపులున్నాయి, తట్టాలి

ఊళ్లోని ప్రతిభను వెతికి చదివించాలన్న ఆలోచన ఈ గడ్డకు కొత్త కాదు. ముఖ్యమంత్రిగా పి.వి.నరసింహారావు 1971లో తొలి గురుకుల పాఠశాలను తెరిపించింది అప్పటి నల్గొండ జిల్లాలోని సర్వేల్‌లోనే. తెలంగాణ డీజీపీగా పనిచేసిన మహేందర్ రెడ్డి అక్కడి విద్యార్థే. తర్వాత చలకుర్తిలో నవోదయ వచ్చింది. సూర్యాపేట జిల్లాకూ ఒక నవోదయను కేంద్రం 2024 డిసెంబరులో మంజూరు చేసింది. కానీ నవోదయలో ఆరో తరగతికి ఏటా తీసుకునేది ఎనభై మందిని. మిగతావాళ్ల సంగతి ఊరి బడే చూసుకోవాలి.

వాళ్లకోసం ఉన్నదే 2008లో మొదలైన జాతీయ మెరిట్ స్కాలర్‌షిప్, ఎన్ఎంఎంఎస్. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పేదింటి పిల్లలు పరీక్ష రాయొచ్చు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా, చదువు సాగినంతకాలం ఏడాదికి పన్నెండువేల రూపాయలు. నాలుగేళ్లకు నలభై ఎనిమిదివేలు! కూలి చేసుకునే ఇంట్లో ‘పదితో చాలు, పెళ్లి చేసేద్దాం’ అనే మాటను ఆపగల డబ్బది. దరఖాస్తు గడువు దాటిపోతే మాత్రం అవకాశం పోయినట్టే. ఎనిమిదో తరగతి మళ్లీ రాదు కదా. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా ముందే సిద్ధంగా ఉన్నాయా అని అడిగే టీచరు ఒక్కరున్నా ఎంతో మేలు.

ప్రతిభ అంటే లెక్కలూ సైన్సే కాదు. నిజామాబాద్ జిల్లా కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. భువనగిరి గుట్ట ఎక్కించి చూశాకే తనలోని ధైర్యం అందరికీ తెలిసింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు మీద నిలబడింది. ఆ గుట్ట ఎక్కించేవాళ్లే లేకపోతే?

గుర్తించాక...

‘నువ్వు తెలివైనదానివమ్మా’ అనేసి వదిలేస్తే సరిపోదు. ఒక లెక్క చకచకా చేసేసిన పిల్లకు అలాంటివే మరో పది ఇస్తే అది శిక్షే అవుతుంది. దానికి బదులు ఒక్క కష్టమైన లెక్క ఇవ్వాలి. లైబ్రరీ బీరువా తాళం తీసి ఇవ్వాలి. తెలిసినదాన్ని పక్కవాళ్లకు చెప్పమనాలి. అలా చేస్తే గర్వం పెరగదు, చదువు గట్టిపడుతుంది.

ఇంట్లోనూ అంతే. ‘ఎందుకు, ఎలా’ అని ప్రశ్నలతో విసిగించే పిల్లాణ్ని కసరకండి. పాత రేడియో విప్పితే రెండు దెబ్బలు వేసేముందు, మళ్లీ బిగించగలడేమో చూడండి. ‘అన్నను చూసి నేర్చుకో’ అన్న మాట మానేయండి. పిల్ల చురుగ్గా ఉందనిపిస్తే బడికెళ్లి టీచరుతో చెప్పండి. చదువురాని అమ్మ అయినా తన బిడ్డ గురించి అందరికంటే ముందు తెలిసేది ఆమెకే.

 బడిగంట కొట్టగానే చిలుకూరులోనూ, మీ ఊళ్లోనూ పిల్లలు వరసగా వచ్చి కూర్చుంటారు. హాజరు పిలిచేటప్పుడు చివరి బెంచీ దగ్గర ఒక్క నిమిషం ఆగితే చాలు. అక్కడ ఎవరున్నారో ఎవరికి తెలుసు!