రక్తశుద్ధి యను భ్రమ

తమ నెత్తురు కల్తీలేనిదని చెప్పుకొనుటలో మన కులములలో నొకటి కొకటి తీసిపోదు. పెండ్లిమాటలనాడు గోత్రము చెప్పి మీసము మెలివేయువారు ఒక్కసారి లెక్కవేసి చూతురుగాక. మనుజునకు తలిదండ్రు లిద్దరు; తాతలు నవ్వలు నలుగురు; ఇట్లు పదవతరమునకు 1,024 మంది పూర్వులు. గోత్రము వీరిలో నొక్కని వరుసను మాత్రమే చెప్పును. తక్కిన 1,023 మంది మాటయే యెత్తదు. తరమునకు 25 ఏండ్ల చొప్పున ముప్పది తరములు, అనగా రుద్రమదేవి కాలమువరకు వెనుకకు బోయిన, లెక్క 107 కోట్లు దాటును. ఆనాడు భూమండలమంతటను అంతమంది జనులే లేరు! ఒకే పూర్వుడు పలుత్రోవల మనకు మరల మరల తాత యగుచున్నాడన్నమాట.

హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. వారును హార్వర్డు శాస్త్రజ్ఞులును గలసి 25 సమూహములకు జెందిన 132 మంది డి.ఎన్.ఏ.ను పరీక్షించి 2009లో ప్రకటించిన దేమన, మనదేశములో దాదాపు ప్రతి సమూహమును రెండు ప్రాచీన సంతతుల మిశ్రమమే. పాళ్లు మాత్రమే వేరు. ఈ కలయిక సుమారు 4,200 ఏండ్ల క్రిందటినుండి 1,900 ఏండ్ల క్రిందటివరకు విరివిగా జరిగెనని 2013లో తేలినది. అటుపిమ్మట పెండ్లిపందిళ్లకు గోడలు లేచినవి.

ఆ గోడలకు వెల యున్నది. కొద్దిమంది మూలపురుషులలో నొకనియందు దోషజన్యువున్నచో, కాలక్రమమున నది తల్లివైపునను తండ్రివైపునను గూడ బిడ్డకు సంక్రమింపవచ్చును. మేనరికముల మాట వేరు. ఎంత దూరపు సంబంధము చేసికొన్నను కులము గడప దాటనంతకాలము ఆ పాతసొత్తే చేతులు మారుచుండును. ఆంధ్రవైశ్యులలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అను ఎంజైము కొరత ఇతరులకంటె మిక్కిలి హెచ్చు. శస్త్రచికిత్సలో కండరములు సడలుటకిచ్చు సక్సినిల్ కోలిన్ అను మందు సామాన్యులకు కొలది నిమిషములలో విడిపోవును. ఈ కొరత గలవారికి గంటలకొలది కదలికయు నుండదు, ఊపిరియు నాడదు. యంత్రముతో శ్వాస నిలుపవలసినదే. ఇందు వైశ్యసోదరులు చిన్నబుచ్చుకొన బనిలేదు. దక్షిణాసియాలో 263 సమూహములను పరిశీలింపగా 81 ఇట్టి యిరుకు మూలము గలవే యని 2017లో వెల్లడియైనది. తమ సమూహ మందులేదని ధీమాగా నుండువారు పరీక్ష చేయించుకొన్నవారా?

ఈ కొరత రక్తపరీక్షతో ముందే తెలియును. మత్తువైద్యుడు కులమడిగిన కోపింపక చెప్పుడు. ఇంట నెవరికైన శస్త్రచికిత్సలో మందు వికటించియున్న, అదియు దాచక చెప్పుడు.