హమ్‌దర్దీ అంటే ఖైరాత్ కాదు

మొన్న ఒక రిష్తా మాట్లాడటానికి బోధన్ వెళ్ళాం. నేను పెళ్ళికొడుకు తరఫు. చుట్టాల అబ్బాయి, దుబాయ్‌లో నౌకరీ. అమ్మాయి వాళ్ళ ఇల్లు శక్కర్‌నగర్ పక్కన చిన్న గల్లీలో. మేం లోపలికి పోగానే అమ్మాయి తల్లి తన ఒళ్ళో ఉన్న చాటను, ఆకు, తంబాకుతో సహా తలుపు వెనక్కి నెట్టేసింది. చాయ్ వచ్చింది. మావైపు ఖాలా మొదటి సవాల్ వేసింది.

"లడ్కీ దినాం ఎన్ని బీడీలు చుడ్తది?"

"వెయ్యి," అంది తల్లి.

రెండో సవాల్, జోడే కీ రఖమ్ ఎంతిస్తారని.

అమ్మాయి అబ్బా నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చేసేవాడు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన ఫ్యాక్టరీ. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్ 23న లేఆఫ్ అన్నారు, అంతే, చిమ్నీ చల్లారింది. ఇప్పుడాయన ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్. నేల చూస్తూ, "సోచ్‌కో బోల్తుం సాబ్" అన్నాడు.

నేనేం చేశాను? ఖామోష్‌గా బిస్కెట్ చాయ్‌లో ముంచుకొని తిన్నాను. ఆ ఫ్యాక్టరీ కార్మికుల తక్లీఫ్ మీద ఎన్ని వార్తలు రాశానో లెక్కలేదు. ఆ కార్మికుడే ఎదురుగా కూర్చుంటే మాత్రం నోరు పెగల్లేదు.

అందుకే అంటున్నా, మన ఖౌమ్‌లో ఖైరాత్‌కు కరువు లేదు, హమ్‌దర్దీకే కరువు. రంజాన్‌లో జకాత్ 2.5 శాతం పైసాతో సహా లెక్కేసి తీస్తాం. ఈద్ నమాజ్‌కు ముందే ఫిత్రా ఇస్తాం. అదంతా ఫర్జ్, వాజిబ్, ఇవ్వాల్సిందే. కానీ ఖైరాత్‌లో ఒక చేయి పైన, ఒక చేయి కింద ఉంటాయి. హమ్‌దర్దీ అన్న మాటలోనే ఉంది, హమ్, దర్ద్. ఎదుటివాడి నొప్పిలో మనకూ వాటా అని. అందులో పై చేయి, కింద చేయి లేవు. రంజాన్‌లో ఏ ఇంటికి రేషన్ కిట్ పంపుతామో, షవ్వాల్‌లో అదే ఇంటికి పోయి రఖమ్ అడుగుతాం. ఇదెక్కడి ఇన్సాఫ్? మహర్ ఇవ్వాల్సింది మనమే కదా!

సూరె మాఊన్ మనలో చాలామందికి హిఫ్జ్. ఏడే ఆయత్‌లు, నమాజ్‌లో గబగబా చదివేస్తాం. మాఊన్ అంటే ఇంటింటా వాడే చిన్న చిన్న వస్తువులని ముఫస్సిర్లు చెప్పారు, ఉప్పు, నిప్పు, నీళ్ళు, గిన్నె. అవి కూడా పక్కింటివాళ్ళకు ఇవ్వని నమాజీల మీద ఆ సూరా గజబ్ చూపిస్తుంది. నమాజ్ చదవనివాళ్ళ మీద కాదు భాయ్, చదివేవాళ్ళ మీద!

"మన మీదే ఎవరికీ హమ్‌దర్దీ లేదు, పేరు వింటే కిరాయికి ఇల్లివ్వరు, మనం అందరి గురించీ ఆలోచించాలా?" అంటారు కొందరు. ఆ దర్ద్ నిజమే, నేనూ పడ్డాను. అయితే నిజామాబాద్‌లో పక్క గల్లీ పద్మశాలి అక్క కూడా బీడీలే చుడుతుంది. ఆమెకూ అదే దగ్గు, అదే నడుం నొప్పి. బీడీలు లెక్క చూసేవాడు బాగాలేవని గుప్పెడు పక్కకు నెడితే, ఆమెకూ మన ఆపాకూ పోయేది అదే కూలి. ఆమెను మనం ఎన్నడైనా పలకరించామా? మన తలుపు తెరవకుండా ఎదుటివాడి తలుపు తెరవలేదని షికాయత్ చేస్తే చెల్లదు.

ఫ్యాక్టరీ తెరవడం సర్కార్ చేతిలో ఉంది. దాన్ని నిలదీయాల్సిందే. కానీ ఉధార్ ఖాతా మూసేసింది సర్కార్ కాదు, మన కిరాణా సేఠ్. కిరాయి కోసం సామాన్లు బయట పెట్టించింది సర్కార్ కాదు, మన హాజీ సాబ్. పనిమనిషికి బుఖార్ వస్తే రోజు కూలి కోసింది మన ఇంటి బేగం. రఖమ్ అడిగింది మన ఖాలా. బిస్కెట్ తిన్నది నేను.

ఆ రిష్తా ఇంకా తెగలేదు. వచ్చే ఇత్వార్ మళ్ళీ పోవాలి. ఈసారి నేనే ముందు నోరు తెరుస్తా, జోడే కీ రఖమ్ మాటెత్తితే లేచి వచ్చేస్తానని. ఖాలా నారాజ్ అవుతుంది. అబ్బాయి తండ్రి నాతో మాటలు బంద్ చేయొచ్చు. చేయనీ. ఆ పెద్దాయన మాత్రం ఒక్కసారైనా నేల మీంచి తలెత్తి చూడాలి.