కొండపాటకు పట్టా యెవరిది?

చైత్రమాసమున అరకులోయలో ఇటుకల పండుగ వచ్చినపుడు తుడుము మ్రోగును, మోరి పలుకును, స్త్రీలు ఒకరి నడుము నొకరు చుట్టిపట్టి వరుసగట్టి థింసా ఆడుదురు. ఆ పాట యెవరు కట్టిరని అచ్చట నడుగువాడు లేడు. అవ్వ పాడెను, తల్లి పాడెను, నేడు కూతురు పాడుచున్నది. ఒక చరణము జారిపోవును, మరియొకటి వచ్చి చేరును. పాట మాత్రము ఊరిది. ఇది యెవరి సొత్తను ప్రశ్న కొండమీద పుట్టలేదు. పాటకు వెల యేర్పడిన పట్టణమున పుట్టినది. అయినను ఆ ప్రశ్నకు పట్టణము చెప్పు సమాధానమువలని నష్టము కొండవారికే తగులుచున్నది. కావున నేడు దీనిని చర్చింప దలచితిమి.

ఒక పాటను పోలిన పాట వేరొకటి వచ్చినదని న్యాయస్థానముల కెక్కుట నేడు లోకమంతటను సామాన్యమైనది. 'బ్లర్డ్ లైన్స్' అను పాట తమ తండ్రి పాటను పోలియున్నదని మార్విన్ గే వారసులు వ్యాజ్యము వేయగా, 2015లో లాస్ ఏంజిలిసు జ్యూరీ వారి పక్షమున తీర్పు చెప్పెను. 2023లో న్యూయార్కు జ్యూరీ ఎడ్ షీరన్ అను గాయకునిపై వచ్చిన యిట్టి యభియోగమునే త్రోసివేసెను. మన దేశమున 2008లో రాం సంపత్ అను సంగీతకర్త తన స్వరమును 'క్రేజీ 4' చిత్రమున వాడుకొనిరని బొంబాయి హైకోర్టు నాశ్రయించి, ఆ పాటలతో చిత్రము విడుదల కాకుండ ఉత్తరువు పొందెను. స్వరములు కొన్ని కలియుట సహజమే. పోలిక యెచ్చట ముగిసి చౌర్య మెచ్చట నారంభమగునో తేల్చుట కష్టమే. కాని యీ వ్యాజ్యము లన్నిటికిని ఒక సామ్యము కలదు. వాదికి పేరున్నది, ఆధారమున్నది, వకీలున్నాడు.

మన కొండల యంచుననే, పార్వతీపురము ప్రాంతమువారైన వంగపండు ప్రసాదరావుగారి సంగతి చూడుడు. ఆయన కట్టిన 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' పాటను ఉత్తరాంధ్రమున నెరుగనివారు లేరు. 2009లో వచ్చిన 'మగధీర' చిత్రమందలి యొక పాటలో ఆ పల్లవి వినవచ్చినపుడు, తన యనుమతి పొందలేదని ఆయన అభ్యంతరము తెలిపిరి. నిర్మాతలకు ఆ మాట వినక తప్పలేదు. ఏల? కవి యున్నాడు, ఆయన పేరు లోకమెరుగును. అదే పాట పేరెరుగని యొక పోరజ ముసలమ్మ నోటినుండి వచ్చినదైనచో అభ్యంతరము చెప్పువారెవరు? వినువారెవరు?

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము పాటపై హక్కు రచయితది. ఆయన జీవితకాలమును, అటుపై 60 సంవత్సరములును ఆ హక్కు నిలుచును. కొండపాటకు రచయిత పేరు లేదు, పుట్టిన తేదీ లేదు. కావున అది యెవ్వరును తీసికొనదగిన సొత్తుగా నెంచబడుచున్నది. పరంపరగా పాడుచుంటిమన్న మాటయు చాలదు. డాగర్ సోదరుల ధ్రుపద గానమునుగూర్చిన వ్యాజ్యమున 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము, పాడినంతమాత్రమున పాట కట్టినవారు గారని చెప్పెను. అంతటి ప్రసిద్ధవంశమునకే యిట్లున్న, అక్షరము నెరుగని గాయనికి దిక్కేది?

ఇంతటితో ముగిసిన బాగుండును. తీసికొన్నవాడు రెండు చరణములు చేర్చి, వాద్యములు కూర్చి, ఆ క్రొత్తరూపమును తన పేర వ్రాయించుకొనును. దానిపై హక్కు వానిదే. పిమ్మట పండుగనాడు తన యూరి పాటను సెల్‌ఫోనులో బట్టి యూట్యూబున నుంచిన గిరిజన యువకునికి, ఇది యితరుల సొత్తని యంత్రము నోటీసు పంపవచ్చును. రాబడిని వారి ఖాతాకు మరలింపవచ్చును. ఇంటివాడే దొంగ యగు విచిత్రమిది!

జానపదగీత మందరిది గదా, దానికి కంచె వేసిన నెండిపోదా యని కొందరనవచ్చును. ఆ మాటలో సత్యము గలదు. థింసాను బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోరజలు అందరు నాడుదురు. ఎల్లదాటి కోరాపుటులోను ఆడుదురు. ఏ యొక్క తెగకో, యే యొక్క రాష్ట్రమునకో పట్టా వ్రాసియిచ్చిన ఊళ్ల నడుమ వ్యాజ్యములు పెంచినవార మగుదుము. మేము కంచె నడుగుటలేదు. పాటను కొనిపోవువాడు ఊరి పేరు చెప్పవలెననియు, సొమ్ము వచ్చినచో భాగ మీయవలెననియు, ఊరివారిని వారి పాటనుండియే తరుమరాదనియు అడుగుచున్నాము.

నేల విషయమున మన మీ న్యాయమును గుర్తించితిమి. 1970 నాటి 1వ రెగ్యులేషను షెడ్యూలు ప్రాంతమున గిరిజనుని భూమి ఇతరుల పాలు గాకుండ నిషేధించినది. బొర్రా పరిసరముల గనుల విషయమై పుట్టిన సమతా వ్యాజ్యమున 1997లో సుప్రీముకోర్టు ఆ నిషేధమును మరింత గట్టిపరచినది. కాఫీ విషయమునను గుర్తించితిమి. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మట్టికి రక్ష గలదు, గింజకు పేరు గలదు. ఆ మట్టిపై నిలిచి, ఆ గింజ కోయుచు పాడిన గొంతుకు మాత్రము ఏమియు లేదు.

ఉన్న చట్టముతోనే కొంత చేయవచ్చును. రచయిత హక్కు లేకున్నను ప్రదర్శకుల హక్కు కలదు. పాడినవారి సమ్మతిలేక వారి గానమును రికార్డు చేయరాదు. ఆ హక్కు 50 సంవత్సరములు నిలుచును. తమ పేరు చెప్పించుకొను హక్కును 2012 సవరణము వారి కిచ్చినది. 1996 నాటి పెసా చట్టము గ్రామ ఆచారసంప్రదాయములను, సాంస్కృతిక స్వరూపమును కాపాడుకొను అధికారమును గ్రామసభకే యిచ్చినది. కావున పాట పట్టుటకు వచ్చినవాడు మొదట గ్రామసభ యెదుట నిలువవలెను. బృందముతో వ్రాతమూలకముగా నొడంబడవలెను. రికార్డు ప్రతి నొకదానిని ఊరికి విడిచిపోవలెను. పార్లమెంటు కాపీరైటు చట్టమున జానపద కళలకై ప్రత్యేకాధ్యాయమును చేర్చువరకు ఈపాటి కట్టుబాటైన నుండవలెను.

దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా 1939లో 'ఎంబూబే' పాడెను. ఆ స్వరము లోకమంతయు తిరిగి కోట్లు గడించెను. ఆయన 1962లో బీదవాడై మరణించెను. వారసుల వ్యాజ్యము 2006లో గాని పరిష్కారము కాలేదు. పేరున్న గాయకుని యింటివారికే 67 ఏండ్లు పట్టినది! పేరులేనివారు ఎన్నాళ్లు వేచియుండవలెనో పాఠకులే యోచింతురు గాక.

న్యాయవాద వృత్తిలోని మిత్రులకు మా విన్నపమొకటి. ఏడాదికి నాలుగు దినములు కొండ యెక్కుడు. గ్రామసభవారి భాషలో ఆ యొడంబడిక పత్రమును వ్రాసియిండు. తక్కిన పాఠకులు చేయదగినది ఇంకను సులభము. సభలో గాని చిత్రములో గాని కొండపాట వినిన ప్రతిసారి, ఇది యే యూరిదని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పని దినమున పాటకు సగము న్యాయము జరిగినట్లే.