నడక రక్తనిధి గుమ్మం దాకా సాగాలి

మే 8 ప్రపంచ తలసీమియా దినం. ఆ సందర్భంగా మన బస్తీల్లోనూ నడక జరపాలన్న ఆలోచన మంచిదే. అయితే బ్యానరు పట్టుకుని నాలుగు వీధులు తిరిగి, ఫోటో దిగి ఇళ్లకు వెళ్లిపోతే ఆ పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

తలసీమియా మేజర్ ఉన్న బిడ్డ ఒంట్లో తగినంత హిమోగ్లోబిన్ తయారు కాదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఇలా పదేపదే ఎక్కించడంవల్ల గుండెలో, కాలేయంలో ఇనుము పేరుకుపోతుంది. దాన్ని తొలగించే మందులూ తప్పవు.

ఇలాంటి బిడ్డ పుడితే తల్లినే నిందించేవారు మనలో ఉన్నారు. ఇది అన్యాయం. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతేనే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. వాహకులు ఆరోగ్యంగానే కనిపిస్తారు. దగ్గరి బంధువుల్లో సంబంధాలు కలుపుకునే కుటుంబాలు మరింత జాగ్రత్తపడాలి. నిఖాకు ముందే హెచ్‌బీఏ2 పరీక్ష చేయిస్తే సంగతి తెలుస్తుంది. మహర్ గురించి, జహేజ్ గురించి గంటలకొద్దీ మాట్లాడుకునే పెద్దలు ఈ ఒక్క మాట అడగడానికి సంకోచం ఎందుకు?

కాబట్టి నడక రక్తనిధి దగ్గరే ముగియాలి. వసూలైన సొమ్ము పేద పిల్లల మందులకు చేరాలి. దాని లెక్క అందరికీ చెప్పాలి. రంజాన్‌లో రోజా ఉన్నామని రక్తదానం వాయిదా వేసుకుంటాం. ఆ పిల్లల అవసరం వాయిదా పడదు. ఇఫ్తార్ తర్వాత శిబిరం పెట్టుకోవచ్చు. ఆరోగ్యవంతులైన పురుషులు మూడు నెలలకోసారి, స్త్రీలు నాలుగు నెలలకోసారి రక్తమివ్వవచ్చు. ఇదీ సదఖాయే.