ఘాట్ రోడ్డు మీద ర్యాంకులుండవు

పిల్లల్ని నాలుగు రోజుల సైకిల్ టూర్‌కు పంపుదామంటే మనం మొదట అడిగేది, "కాంపిటీషనా? సర్టిఫికెట్ ఇస్తారా?" అని. కాంపిటీషన్ కాదు కాబట్టే పంపాలంటాను.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మొదటి రాత్రి శృంగవరపుకోటలో ఆగితే, రెండో రోజు దాదాపు అంతా కొండే. దారిలో అనంతగిరి (మన వికారాబాద్ దగ్గరిది కాదు), మలుపు మీద మలుపు. జనగామ–వరంగల్ హైవే మీద హుషారుగా తొక్కే మన పిల్లలు అక్కడ కాసేపటికే రొప్పుతారు. ఒకరిద్దరు దిగి సైకిల్ నెట్టుకుంటూ నడుస్తారు. నడవనివ్వండి. ముందు వెళ్లినవాళ్లు నీడ చూసుకుని ఆగి, వాళ్లొచ్చాకే కదలాలి. మర్నాడూ కలిసే తొక్కాలి కదా! క్లాసులో ఫస్ట్ వచ్చే పిల్లకు ఇంకొకరి కోసం అరగంట ఆగమని మనం ఎప్పుడైనా చెప్పామా?

పెద్దవాళ్లు తొక్కే బ్రెవెట్లు హైదరాబాద్‌లోనూ జరుగుతాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు. ర్యాంకులుండవు. మరీ తొందరగా వస్తే కంట్రోల్ పాయింట్ ఇంకా తెరవరు కూడా! ఈ రూలు మన ఇళ్లలోనూ పెడితే బాగుండు.

హెల్మెట్లు, బ్రేకుల చెకింగ్, చివరివాళ్ల వెనక వ్యాన్, చీకటి పడకముందే చేరడం: ఇవన్నీ స్కూలును గట్టిగా అడగండి. కానీ కారేసుకుని వెనకాలే వెళ్లొద్దు. చెమటోడుస్తున్న బిడ్డను చూస్తూ ఊరుకోవడం మన వల్ల కాదు. ఒక్కరిని కారెక్కించుకున్నామా, పక్కనే సైకిల్ నెట్టుకొస్తున్న పిల్లాడు ఒంటరివాడవుతాడు. సాయంత్రం అరకు చేరాక వాళ్లే ఫోన్ చేస్తారు.